మిర్చిలో నల్ల తామర పురుగు: 2015కూ 2021కీ మధ్య ఆరేళ్ళు ఎవరి పని?

థ్రిప్స్ పార్విస్పైనస్ అనే పురుగు మన దేశంలోకి వచ్చిందని శాస్త్రవేత్తలు మొదటిసారి నమోదు చేసింది 2015లో, బెంగళూరులో బొప్పాయి మీద. ఆగ్నేయాసియా దాని సొంత చోటు. ఇండోనేషియాలో మిర్చికి అది పాత శత్రువే. అదే పురుగు 2021 చివర్లో గుంటూరు, ఖమ్మం, వరంగల్ వైపు లక్షల ఎకరాల మిర్చి మీద పడి పూతను రాల్చేసింది. మన రైతులు దానికి నల్ల తామర పురుగు అని పేరు పెట్టారు. మొదటి నమోదుకూ ఈ విధ్వంసానికీ మధ్య ఆరేళ్ళు ఉన్నాయి. ఆ ఆరేళ్ళలో ఏం జరగలేదు, ఎందుకు జరగలేదు అన్నదే ఈ కేస్ స్టడీ.

నేను పల్నాడు వైపు కొన్ని రైతు సంఘాలకు సస్యరక్షణ సలహాదారుగా పనిచేస్తాను. విదేశీ దురాక్రమణ జాతుల మీద, అంటే బయటి నుంచి వచ్చి ఇక్కడ పాకి నష్టం చేసే మొక్కలు, జీవుల మీద, జాతీయ విధానం గురించి రాసేవాళ్ళు మామూలుగా అడవుల్లో లాంటానాతోనో, చెరువుల్లో గుర్రపు డెక్కతోనో మొదలుపెడతారు. అవీ పెద్ద సమస్యలే. కానీ విధానం ఉందో లేదో తొందరగా బయటపడేది పంటలోనే. అడవిలో ముప్పై ఏళ్ళకు తెలిసే నష్టం మిర్చి చేలో మూడు వారాల్లో తెలుస్తుంది.

ముందే ఒక మాట. 2015లో గట్టిగా పూనుకుని ఉంటే ఈ పురుగును దేశం నుంచి తరిమేసేవాళ్ళమని నేననుకోను. మిల్లీమీటరు పొడవుండి, ఎన్నో రకాల మొక్కల మీద బతుకుతూ, గుడ్లను మొక్క కణజాలంలో దాచే పురుగు ఒకసారి స్థిరపడ్డాక నిర్మూలన దాదాపు కుదరదు. నేను అడిగేది తయారీ గురించి. ఏ మిర్చి రకాలు కాస్త తట్టుకుంటాయో ఆ ఆరేళ్ళలో చూసి ఉండొచ్చు. ఏ మందుకు లొంగుతుందో, ఏ మందు కొడితే ఇంకా ఎక్కువవుతుందో తేల్చి ఉండొచ్చు. నర్సరీల వాళ్ళకు ఒక ఫోటో చూపించి, ఇది కనిపిస్తే ఫోన్ చేయండి అని చెప్పి ఉండొచ్చు. ఇవేవీ కష్టమైన పనులు కావు. ఎవరు చేయాలో ఎక్కడా రాసి లేదు, అంతే.

పురుగు సంగతి

మిర్చి రైతుకు తామర పురుగు కొత్తది కాదు. పాతది, స్కిర్టోథ్రిప్స్ డోర్సాలిస్, లేత ఆకుల రసం పీల్చుతుంది. ఆకు అంచులు పైకి తిరుగుతాయి, దాన్ని పై ముడత అంటారు. నల్లి వస్తే ఆకు కిందికి తిరుగుతుంది, అది కింది ముడత. ఈ రెండింటినీ గుర్తుపట్టి ఏ మందు కొట్టాలో చెప్పడం పల్లెల్లో పెద్దవాళ్ళకు కూడా వచ్చు.

కొత్త పురుగు ఆ లెక్కను చెడగొట్టింది. ఆడపురుగు ముదురు గోధుమ, నలుపు మధ్య రంగులో ఉంటుంది, మగది పసుపుగా, చిన్నగా ఉంటుంది. ఆకుల్ని వదలదు గానీ దానికి ఎక్కువ ఇష్టం పువ్వు. ఒక్క పువ్వును తెల్ల కాగితం మీద దులిపితే పది, ఇరవై నల్ల నలుసులు పరుగెడతాయి. పూత రాలిపోతుంది, నిలిచిన పిందె వంకర తిరుగుతుంది, కాయ మీద గరుకు మచ్చలు వస్తాయి, చివరికి తాలు కింద పోతుంది. మగ పురుగుతో జత కట్టకపోయినా ఆడది గుడ్లు పెడుతుంది, వాటిలోంచి మగవి వస్తాయి. పెద్ద పురుగుగా మారే ముందు వచ్చే కోశస్థ దశ నేలలో గడుస్తుంది కాబట్టి పైన కొట్టిన మందు అక్కడికి చేరదు. గుడ్డు నుంచి పెద్ద పురుగు కావడానికి రెండు వారాలు చాలు. అంటే ఒక పంట కాలంలో ఎన్నో తరాలు పుడతాయి.

ఇంకో ఇబ్బంది మందు సీసాల మీద ఉంది. లేబుల్ మీద "మిర్చిలో తామర పురుగు" అని ఉంటుంది, ఏ తామర పురుగో ఉండదు. ఆ మందుల్లో చాలావాటిని మిర్చి మీద పరీక్షించిన రోజుల్లో మన చేలల్లో ఉన్నది పాత పురుగే. రైతు లేబుల్ చదివే కొన్నాడు, షాపు ఆయన లేబుల్ చూపించే అమ్మాడు. ఇద్దరిలో ఎవరినీ తప్పుపట్టడానికి లేదు.

2021 పంట

2021 జనవరి, ఫిబ్రవరి నెలల్లోనే చిలకలూరిపేట చుట్టుపక్కల మిర్చి పూలలో ఈ పురుగు ఉన్నట్టు శాస్త్రవేత్తలు గుర్తించారు. నా దృష్టిలో ఈ కేసులో అన్నిటికంటే ముఖ్యమైన విషయం ఇదే. తర్వాతి పంట నాట్లు ఆగస్టు, సెప్టెంబరుల్లో పడతాయి. బొప్పాయి మీద కనపడ్డప్పుడు మిర్చికి ముప్పు అని ఊహించడం కష్టమేనని ఒప్పుకున్నా, సాక్షాత్తూ గుంటూరు మిర్చిలో కనపడ్డాక ఆరు నెలలకు పైగా టైం ఉంది. ఆ ఆరు నెలల్లో మా ఊళ్ళలో ఏ రైతుకూ ఈ పురుగు పేరు అందలేదు. శాస్త్రవేత్తలు తమ పని తాము చేశారు, శాస్త్ర పత్రికలో ప్రచురించారు. ప్రచురణ అయిన వెంటనే ఫలానా అధికారి ఇన్ని రోజుల్లో ఈ పని చేయాలి అనే నియమం లేదు కాబట్టి సమాచారం అక్కడే ఆగింది.

నవంబరులో పూత బాగా వచ్చిన చేలు వారం తిరక్కుండానే బోసిపోయాయి. మొదట పై ముడత అనుకున్నారు. "పై ముడతే గదా అని పాత మందే కొట్టాం సార్, రెండో రోజుకే మళ్ళీ నిండా పురుగు" అని ఒక కౌలు రైతు చెప్పిన మాటే అన్ని ఊళ్ళలోనూ విన్నాను. తర్వాత మందు మార్చారు, రెండు మూడు మందులు కలిపి కొట్టారు, రోజు విడిచి రోజు కొట్టారు. లేబుల్ సరిగా లేని "బయో" సీసాలు ఎక్కడెక్కడి నుంచో దిగాయి. సింథటిక్ పైరిత్రాయిడ్లు అనే రకం పురుగుమందులు కొట్టిన చేలల్లో పురుగు తగ్గకపోగా పెరిగింది. దాన్ని తినే ఓరియస్ అనే చిన్న మిత్ర పురుగులు, అక్షింతల పురుగులు, సాలీళ్ళు ముందే చచ్చిపోవడం అందుకు ఒక కారణం.

మిర్చికి ఎకరా పెట్టుబడి కౌలుతో కలిపి లక్ష దాటుతుంది. మంచి ఏడాదిలో 20 క్వింటాళ్ళ పైన తీసే రైతులు ఆ ఏడు కోత కూలి కూడా గిట్టదని చేను దున్నేసి మొక్కజొన్నో, మినుమో వేసుకున్నారు. డిసెంబరులో కేంద్రం నుంచి నిపుణులు వచ్చి రెండు రాష్ట్రాల్లోనూ తిరిగారు, సలహాలు విడుదలయ్యాయి: నీలి రంగు జిగురు అట్టలు, వేప నూనె, పురుగును చంపే బ్యూవేరియా బూజు, చుట్టూ మొక్కజొన్న వరుసలు, పైరిత్రాయిడ్లు ఆపడం. మంచి సలహాలే. కాకపోతే అప్పటికి పూత నేల మీద ఉంది.

ఇక ధర సంగతి. సరుకు తగ్గడంతో 2022 వసంతంలో వరంగల్ ఎనుమాముల మార్కెట్లో దేశీ రకం మిర్చి క్వింటా 40 వేల రూపాయలు దాటింది. పేపర్లలో "రికార్డు ధర" అని వచ్చింది. ఆ రేటు చూసి సంతోషించిన రైతు నాకు ఒక్కరూ తగల్లేదు, ఎందుకంటే అమ్మడానికి సరుకున్నవాళ్ళు కొద్దిమందే. ఈ ధర తర్వాత ఇంకో చిక్కు తెచ్చింది, అది కింద చెబుతాను.

పరిహారం ఎక్కడ ఆగింది

"పురుగుల దాడి" మన దేశంలో అధికారికంగా ఒక విపత్తు. రాష్ట్ర విపత్తు స్పందన నిధి ఇచ్చే విపత్తుల జాబితాలో తుఫాను, కరువు, వరద, భూకంపం వగైరాలతో పాటు పురుగుల దాడి కూడా ఉంది. ఈ సంగతి చాలామంది వ్యవసాయ ఉద్యోగులకే తెలియదు. 2021-22లో అమల్లో ఉన్న లెక్క ప్రకారం, పంట 33 శాతానికి తక్కువ కాకుండా పోయి ఉంటే, నీటి వసతి ఉన్న భూమికి హెక్టారుకు 13,500 రూపాయలు, అదీ రెండు హెక్టార్ల దాకా. ఎకరాకు చూసుకుంటే 5,500 కూడా రాదు. తర్వాత 2022లో దాన్ని 17,000కు పెంచారు. ఒక్క రౌండు మంచి మందు ఖర్చుతో పోల్చి చూసుకుంటే ఆ డబ్బు విలువేమిటో తెలుస్తుంది.

బీమా చూద్దాం. ప్రధానమంత్రి ఫసల్ బీమా నుంచి రెండు తెలుగు రాష్ట్రాలూ 2020లో బయటికొచ్చాయి. ఆంధ్రప్రదేశ్ సొంత పథకం పెట్టుకుంది, 2022లో తిరిగి చేరింది. అయితే పథకంలో ఉండటం ఒక్కటే సరిపోదు. వాతావరణ ఆధారిత బీమాలో వాన, ఉష్ణోగ్రత, తేమ లాంటి కొలతలే పరిహారాన్ని తేలుస్తాయి, పువ్వులో ఎన్ని పురుగులున్నాయో కాదు. వాన సరిగ్గా పడి, ఎండ సరిగ్గా కాసి, కొత్త పురుగు వచ్చి చేను మొత్తం తినేస్తే ఆ బీమా ప్రకారం ఏమీ జరగనట్టే. ఇక కౌలు రైతు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం ప్రకారం సాగు హక్కు పత్రం రావాలంటే భూమి యజమాని ఒప్పుకోవాలి. మా వైపు మిర్చి వేసేవాళ్ళలో కౌలుదార్లు చాలామంది, ఆ కాగితం ఉన్నవాళ్ళు తక్కువ.

నేను పరిహారం మీద ఇంతసేపు ఆగడానికి కారణం జాలి కాదు. కొత్త పురుగును మొట్టమొదట చూసేది రైతే. చూసిన విషయం చెబితే తనకు ఏమొస్తుంది అన్నది ఆయన అడిగే న్యాయమైన ప్రశ్న. ఆస్ట్రేలియాలో 2005 నుంచి ప్రభుత్వాలకూ పంటల సంఘాలకూ మధ్య ఒక ఒప్పందం ఉంది. దేశంలోకి కొత్త పురుగు వచ్చినప్పుడు ఖర్చు ఎవరు ఎంత పెట్టుకోవాలో ముందే రాసుకున్నారు. ప్రజలందరికీ ముప్పయితే మొత్తం ప్రభుత్వానిది, ఒక పంటకే నష్టమైతే 80 శాతం దాకా ఆ పంట పరిశ్రమది. మధ్యలో ఇంకో రెండు మెట్లు. నిర్మూలన కోసం రైతు పంటను నాశనం చేయాల్సి వస్తే ఆ నష్టాన్ని లెక్కగట్టి తిరిగి ఇస్తారు. అందుకే అక్కడ రైతు దాచడు. ఇక్కడ రైతు ఫోన్ చేస్తే వచ్చేది, వస్తే, ఒక సర్వే.

చట్టాల్లో ఖాళీ ఎక్కడుంది

మన దగ్గర చట్టాలు లేవని చాలామంది అంటారు. అది నిజం కాదు. 1914 నాటి విధ్వంసక కీటకాలు, తెగుళ్ళ చట్టం ఇప్పటికీ ఉంది. దాని కింద 2003లో వచ్చిన ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు విదేశాల నుంచి వచ్చే విత్తనం, మొక్క, పండు దేనికైనా అనుమతి, ముప్పు అంచనా, ఆరోగ్య ధ్రువపత్రం అడుగుతుంది. కేంద్ర సస్యరక్షణ డైరెక్టరేట్ ఫరీదాబాద్‌లో ఉంటుంది, విశాఖపట్నం లాంటి ఓడరేవుల్లో, విమానాశ్రయాల్లో దాని మనుషులుంటారు. పశువుల దిగుమతికి 1898 చట్టం, జీవవైవిధ్యానికి 2002 చట్టం ఉన్నాయి. ఇంటికి తాళాలు బాగానే వేశాం గానీ, లోపల నిప్పు పడితే బిందె ఎవరు పట్టుకోవాలో మాత్రం అనుకోలేదు.

తాళం కూడా అన్నింటినీ ఆపలేదు. తామర పురుగు గుడ్డు ఆకు లోపల ఉంటే తనిఖీ చేసేవాడి కంటికి కనపడదు. బతికున్న మొక్కలతో ఇలాంటివి దాటుకుని రావడం ఏ దేశంలోనైనా జరుగుతుంది. గ్రీస్‌కూ, హవాయికీ, ఫ్లోరిడాకూ కూడా ఈ పురుగు వెళ్ళింది. అందుకే సరిహద్దు దాటాక ఏం చేయాలన్నదే అసలు విధానం.

లోపలికొచ్చాక రాజ్యాంగమే పనిని ముక్కలు చేస్తుంది. పంటలకు పురుగుల నుంచి రక్షణ రాష్ట్ర జాబితాలో ఉంది. ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి తెగుళ్ళు, పురుగులు పాకకుండా చూడటం ఉమ్మడి జాబితాలో, రాష్ట్రాల మధ్య క్వారంటైన్ కేంద్ర జాబితాలో ఉన్నాయి. కాగితం మీద చక్కగానే ఉంది. బెంగళూరు బొప్పాయి నుంచి గుంటూరు మిర్చికి వచ్చిన పురుగు విషయంలో మాత్రం మూడు జాబితాలూ ఒకదాన్ని ఒకటి చూస్తూ కూర్చున్నాయి. దేశం లోపల రవాణా మీద ఆంక్షలు పెట్టడానికి నోటిఫై చేసిన తెగుళ్ళు, పురుగులు తొమ్మిది. ఆపిల్ మీద శాన్ జోస్ పొలుసు పురుగు, బంగాళదుంప నులిపురుగు, అరటి వెర్రితల, కాఫీ కాయ తొలుచు పురుగు లాంటివి. అన్నీ పాత కథలు. గత పదిహేనేళ్ళలో దేశంలోకి దిగినవేవీ అందులో లేవు.

2022లో వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని సవరించారు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఆ సవరణలో మొదటిసారి దురాక్రమణ విదేశీ జాతికి చట్టపరమైన నిర్వచనం ఇచ్చారు, వాటి దిగుమతినీ వ్యాపారాన్నీ పెంపకాన్నీ నిషేధించే అధికారం 62ఏ సెక్షన్ కింద కేంద్రానికి వచ్చింది. మంచి అడుగే. అయితే నిర్వచనం ప్రకారం ఆ జాతి వన్యప్రాణులకో, వాటి ఆవాసాలకో ముప్పు కావాలి. మిర్చి చేను వన్యప్రాణి ఆవాసం కాదు. కాబట్టి మా నల్ల పురుగు ఆ చట్టానికి కనపడదు. పర్యావరణ శాఖ ఒకవైపు, వ్యవసాయ శాఖ ఒకవైపు, చేపలకు మత్స్య శాఖ ఇంకోవైపు. వీళ్ళందరి మీదా ఒకరుండి "ఈ జాతి కేసు మీది, ఈ తేదీలోగా జవాబు చెప్పండి" అనే కుర్చీ లేదు.

ఆ కుర్చీ గురించి ఎవరూ ఆలోచించలేదని కాదు. స్వామినాథన్ నాయకత్వంలోని జాతీయ రైతు కమిషన్ జాతీయ వ్యవసాయ జీవభద్రత వ్యవస్థ కావాలని చెప్పింది. 2013 మార్చిలో వ్యవసాయ జీవభద్రత బిల్లు లోక్‌సభలోకి వచ్చింది, ఒకే ప్రాధికార సంస్థ పెట్టాలన్నది. 2014లో లోక్‌సభ ముగియడంతో బిల్లూ చెల్లిపోయింది. మళ్ళీ రాలేదు. ఒక్క సంవత్సరం తర్వాత బెంగళూరులో పురుగు దొరికింది.

ఈ జబ్బు మన ఒక్క దేశానిదే కాదులెండి. 2023లో జీవవైవిధ్యం మీద పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఐపీబీఈఎస్ నివేదిక చెప్పింది: జీవవైవిధ్య ప్రణాళికల్లో దురాక్రమణ జాతుల మీద లక్ష్యం రాసుకున్న దేశాలు 80 శాతం, వాటి కోసమే ప్రత్యేకంగా చట్టమో నిబంధనలో ఉన్నవి 17 శాతం. అదే నివేదిక 2019లో ప్రపంచానికి వీటివల్ల నష్టం 42,300 కోట్ల డాలర్లని లెక్కేసింది. జీవవైవిధ్యం మీద దేశాలు చేసుకున్న కున్మింగ్-మాంట్రియల్ ఒప్పందం ప్రకారం 2030 నాటికి కొత్త దురాక్రమణ జాతుల రాకను సగానికి తగ్గించాలి. 2024లో మన దేశం సవరించిన ప్రణాళికలోనూ ఆ లక్ష్యం ఉంది. లక్ష్యం రాసుకోవడం తేలిక.

పని జరిగిన చోట్లు

కేంద్రానికీ రాష్ట్రాలకూ చేతకాదు అని తేల్చేస్తే అన్యాయం అవుతుంది. 2008లో కోయంబత్తూరులో బొప్పాయి పిండినల్లి దొరికింది. 2010లో బెంగళూరులోని ఐసీఏఆర్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) సంస్థ అమెరికా సహకారంతో ప్యూర్టో రికో నుంచి మూడు రకాల పరాన్నజీవి కందిరీగల్ని తెప్పించి, పరీక్షించి వదిలింది. వాటిలో ఎసరోఫాగస్ పపాయే అనేది కొద్ది నెలల్లోనే పిండినల్లిని అదుపులోకి తెచ్చింది. 2016లో పొల్లాచ్చిలో కొబ్బరి మీద కనిపించిన సర్పిలాకార తెల్లదోమ గోదావరి జిల్లాలకు వచ్చినప్పుడు అంబాజీపేట పరిశోధన స్థానం ఉంది. మందులు కొట్టొద్దు, ఎన్‌కార్సియా కందిరీగను బతకనివ్వండి, అది తెల్లదోమను చంపుతుంది, పురుగును చంపే ఐసేరియా బూజు మేమిస్తాం అని చెప్పగలిగింది.

2018 మేలో శివమొగ్గ మొక్కజొన్నలో కత్తెర పురుగు దొరికినప్పుడు కేంద్రం ఉన్నతస్థాయి కమిటీ వేసింది, మొదటి పంటలోనే రైతుకు పురుగు పేరు తెలిసింది. అది అంతకు రెండేళ్ళ ముందు నుంచి ఆఫ్రికాను తినేస్తోందన్న వార్త ప్రపంచమంతా ఉంది కాబట్టి జరిగిన పని అది. చెడ్డ పేరున్న పురుగుకు స్పందన, పేరు లేని పురుగుకు నిశ్శబ్దం. ఇది విధానం అనిపించుకోదు.

ఇటీవల అరకులో జరిగింది ఇంకా స్పష్టంగా చెబుతుంది. 2025లో అక్కడ కాఫీ తోటల్లో కాయ తొలుచు పురుగు కనపడింది. కాయ కోయించి నాశనం చేయించారు, రైతుకు కిలోకు ఇంత అని పరిహారం ప్రకటించారు. కాఫీకి ఒక బోర్డు ఉంది, ఆ పురుగు ఏనాడో నోటిఫై అయిన తొమ్మిదింటిలో ఒకటి. ఎవరి పనో రాసి ఉంది కాబట్టే పని జరిగింది. మిర్చికి సుగంధ ద్రవ్యాల బోర్డు ఉంది గానీ దాని చూపంతా ఎగుమతి మీదే.

మా ఊళ్ళలో ఏం చేశాం

2022 పంటకు మేం పెద్ద ప్లాన్లు వేయలేదు. సంఘంలో ప్రతి ఊరికీ ఇద్దరు ముగ్గురు యువకులకు పువ్వు దులపడం నేర్పాం. వారానికొకసారి చేనులో నాలుగు మూలలా, మధ్యలో పువ్వులు తెంపి తెల్ల కాగితం మీద దులిపి, లెక్క రిజిస్టర్లో రాయడం. ఆ రిజిస్టర్ వల్ల వచ్చిన పెద్ద లాభం పురుగు లెక్క కాదు, భయం తగ్గడం. పక్క చేనువాడు కొట్టాడని తనూ కొట్టే అలవాటు ఆ కాగితం ముందు కొంత ఆగింది. పైరిత్రాయిడ్లు వద్దు అన్న మాట సంఘంలో చాలామంది పాటించారు. అప్పు మీద మందు తెచ్చుకునేవాళ్ళు పాటించలేకపోయారు, ఎందుకంటే ఖాతా ఉన్న షాపులో ఏముంటే అదే కొట్టాలి. సలహాదారుకూ రైతుకూ మధ్య ఆ ఖాతా పుస్తకం ఉంటుంది. విధానం రాసేవాళ్ళకు అది కనిపించదు.

నారు విషయంలో ఎక్కువ ఫలితం వచ్చింది. షేడ్ నెట్‌లో ట్రేలలో పెంచిన నారు తెచ్చుకున్న చేలల్లో పురుగు ఆలస్యంగా మొదలైంది. అయితే నారు నర్సరీలకు ఈ పురుగు కోసమని తప్పనిసరి తనిఖీ లేదు. ఒక జిల్లా నుంచి ఇంకో జిల్లాకు, ఒక్కోసారి పక్క రాష్ట్రానికి, లక్షల మొక్కలు వ్యానుల్లో వెళతాయి. పురుగు దేశం తిరగడానికి ఇంతకంటే మంచి బండి లేదు.

పూర్తిగా ఓడిపోయింది ఒకటుంది. పంట అయిపోయాక కట్టె అందరూ ఒకే గడువులో పీకేస్తే వేసవిలో పురుగుకు ఇల్లుండదని అనుకున్నాం. ముందు చెప్పిన ధర ఇక్కడ అడ్డొచ్చింది. రేటు అంతుంటే వాడిపోయిన చేనుకు కూడా నీళ్ళు పెట్టి రెండో కాపు కోసం చూశారు. ఆశపడ్డారని అనలేను, అప్పులున్నాయి. పీకమని ఆదేశించే అధికారం మాకు లేదు. ప్రభుత్వానికి ఉంది. మద్రాసు రాష్ట్రం 1919లో చేసిన వ్యవసాయ పురుగులు, తెగుళ్ళ చట్టం అదే. ఒక పురుగును నోటిఫై చేసి, ఫలానా తేదీలోగా ఫలానా పని చేయండని రైతును ఆదేశించొచ్చు. ఒకప్పుడు పత్తి కట్టె గడువులోగా పీకించడానికి దాన్ని వాడారు. పరిహారం ఇవ్వకుండా ఆ చట్టాన్ని ఇప్పుడు బయటికి తీస్తే మాత్రం నేను ఒప్పుకోను. రెండో కాపు విలువ చేతిలో పెట్టి పీకమనాలి.

2022-23లో పురుగు ఒత్తిడి మా దగ్గరే కాదు, రిజిస్టర్లు లేని ఊళ్ళలోనూ ముందటేడు కంటే తగ్గింది. వాతావరణం కలిసొచ్చింది, రైతులకు పురుగు ముఖం తెలిసింది. మా పనివల్లే తగ్గిందని ఎవరైనా రాస్తే నమ్మకండి. మా పనివల్ల ఖచ్చితంగా తగ్గింది మందు ఖర్చు.

మేం అడుగుతున్నది

సంఘాల తరఫున వ్యవసాయ శాఖకు ఇచ్చిన వినతిలో పెద్ద మాటలు రాయలేదు. దేశంలో కొత్త కీటకం నమోదు అయిందని ఏ శాస్త్రవేత్త తేల్చినా, పత్రికలో అచ్చవడం కోసం ఆగకుండా ఫరీదాబాద్‌లోని సస్యరక్షణ డైరెక్టరేట్‌కు తెలపాలి, వాళ్ళు అరవై రోజుల్లో ముప్పు అంచనా వేసి ఏ పంటకు ప్రమాదమో, ఏ రాష్ట్రం బాధ్యతో రాతపూర్వకంగా చెప్పాలి. ముప్పు లేదనుకుంటే అదీ సంతకం పెట్టి చెప్పాలి. సంతకం ముఖ్యం. 2024 ఆగస్టు 15న మొదలైన జాతీయ పురుగుల నిఘా యాప్ రైతు ఫోటోలు తీసుకుంటుంది, మంచిదే, కానీ ఫోటో వెళ్ళాక ఎవరి బల్ల మీద ఆగుతుందో ఈ సంతకం లేకుండా తెలియదు.

డబ్బుకు దారి కూడా చూపించాం. గుంటూరు యార్డులో ప్రతి బస్తా మీదా మార్కెట్ సెస్ కడుతున్నాం. అందులో చిన్న భాగాన్ని పక్కన పెట్టి, నోటిఫై అయిన కొత్త పురుగు కోసం పంట తీసేయాల్సి వచ్చిన రైతుకు, కౌలు కార్డు ఉన్నా లేకపోయినా సాగు చేస్తున్నట్టు ఊరి ఈ-క్రాప్ నమోదులో ఉంటే, ఇవ్వాలని అడిగాం. విపత్తు నిధిలో పురుగుల దాడికి ఇచ్చే మొత్తాన్ని పంటల వారీగా మార్చాలని కూడా. జొన్నకూ మిర్చికీ హెక్టారుకు ఒకటే రేటు పెట్టడం ఏ లెక్కకూ అందదు.

నర్సరీల తనిఖీ మీద రాష్ట్రం తనంతట తానే చేయగలిగిన పని ఉంది, ఢిల్లీ కోసం ఆగక్కర్లేదు. లైసెన్సు రెన్యువల్‌కు ముందు జిగురు అట్టల లెక్క చూపించమంటే చాలు. ఈ ఒక్క దాని మీద అధికారులు ఆసక్తి చూపించారు. ట్రేల నర్సరీల వాళ్ళతో ఒక మీటింగ్ జరిగింది, అట్టలు ఎవరు కొనాలన్న దగ్గర మాట తెగలేదు. జులైలో నారు పోసేలోపు ఇంకోసారి కూర్చోవాలి.